‘గెలిచింది’ అని రాయండి

బాక్సింగు రింగులో చెల్లెలు మేకు దవడ విరిగిన చప్పుడు మూడో వరుసలో కూర్చున్న అక్కకు వినపడింది.

కల్పించి చెప్పడం లేదు. హాలంతా ఈలలతో, కేకలతో హోరెత్తిపోతున్నా, ఎండుకట్టె విరిగినట్టు టక్కుమన్న ఆ చప్పుడు తిన్నగా ఆమె చెవిలో పడింది. చక్కెర మిల్లు జట్టు పిల్ల కొట్టిన ఎడమచేతి గుద్దు అది. మేకు తాళ్ళ మీదికి వాలిపోయింది. నోట్లోంచి రక్తం గడ్డం మీదుగా కారి నీలం జెర్సీ మీద మరకలు కట్టింది. అక్క లేచి నిలబడింది.

మేకు తాళ్ళు వదిలి ముందుకొచ్చింది. గడ్డం దించింది, చేతులెత్తింది. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. మిల్లు పిల్ల మోకాళ్ళ మీద కూలింది, లేవబోయింది, లేవలేక పక్కకు ఒరిగింది. కంటి మీద చర్మం చిట్లి ఆ పిల్ల ముఖమూ రక్తమే. రెఫరీ మేకు చెయ్యి పట్టి పైకెత్తాడు. ఈ ఏటి టైటిలు ఆమెది.

ఆ సమయానికి పేపరు ఫొటోగ్రాఫరు ఏం చేస్తున్నాడంటే, కెమెరాకు మూతపెట్టి అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నాడు. కావలసిన ఫొటో అంతకుముందే చిక్కింది మరి. తాళ్ళ మీద పడ్డప్పుడు మేకు జెర్సీ భుజం దగ్గర జారింది, నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పత్రికకు అంతకన్నా ఏం కావాలి?

ఆ అక్కాచెల్లెళ్ళు ఆ పత్రిక అచ్చయ్యే ప్రెస్సులోనే కూలీలు. రోజూ సాయంత్రానికి ఊళ్ళోకి వచ్చే పత్రిక అది. మిషను మీంచి దిగిన పేపర్లను సర్దడం, కట్టలు కట్టడం, పైన చుట్టిన కాగితం మీద కుంచెతో ఏజెంటు పేరు రాయడం, లారీకి అందించడం, ఇదంతా ప్యాకింగు ఆడవాళ్ళ పని. ఆ పనిలో ఆరితేరింది కాబట్టి పెద్దదాన్ని అందరూ కట్టలక్క అంటారు. చిన్నదానికి మేకు అని పేరు పెట్టింది మిషను నడిపే ముసలాయన, ప్రెస్సంతటికీ మామ. “ఎంత కొట్టు, లోపలికి దిగుతుందే గానీ వంగదమ్మా ఇది” అనేవాడు.

పత్రిక యజమానే బాక్సింగు సంఘానికి అధ్యక్షుడు. ఆయన పరువు కోసం ప్రెస్సుకు రెండు జట్లుండేవి. మగ జట్టుకు హాలు, కోచ్, పాలు, గుడ్లు. ఆడ జట్టుకు కాగితం రీళ్ళ గోడౌను, గుద్దడానికి దూలానికి వేలాడదీసిన ఒక సంచి. సంచిలో చిత్తుకాగితాలు కుక్కింది మేకే. తను నేర్చుకోవడమే కాదు, పని అయిపోయాక ప్యాకింగు ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి నేర్పేది. నేర్పేది కూడా ఒక్క పాఠమే. “గడ్డం దించండి. చేతులెత్తండి. ముందు నిలబడ్డం రావాలి, కొట్టడం తర్వాత.” ముసలివాళ్ళు నవ్వుతూ నేర్చుకున్నారు. ఇంట్లో మొగుడి మీద పనికొస్తుందిలే అని ఒకామె అంటే గోడౌనంతా గొల్లుమంది.

టైటిలు గెలిచిన వాళ్ళకు ప్రెస్సులో పర్మనెంటు ఉద్యోగం ఇస్తామని గోడకు నోటీసు అంటించారు. పర్మనెంటు అయితే కంపెనీ ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది. దవడ విరిగిన పిల్లకు ఆ పూట కావలసింది అదొక్కటే.

మర్నాడు మేకు దవడకు గుడ్డ కట్టుకుని పనిలోకి వచ్చింది. టెంపరరీ మనిషి సెలవంటే ఇక రావద్దనే అర్థం. మధ్యాహ్నం మిషను కదిలింది. మొదటి కట్ట దిగగానే ఆడవాళ్ళు మూగి ఆటల పేజీ తిప్పారు. సగం పేజీ మగ జట్టు కెప్టెను ఫొటో. మొదటి రౌండులోనే బోర్లాపడిన మహానుభావుడు. పైన అక్షరాలు మాత్రం ‘పోరాడి ఒరిగిన సింహం’. మేకు ఊసే లేదు.

“అక్కడెందుకుంటుందే, సినిమా పేజీ తియ్యండి” అంది ఒకామె, అలవాటైన మనిషిలాగా.

నిజంగానే ఉంది. కొత్త హీరోయిను పక్కన, జారిన భుజం, తడిసిన కళ్ళు. ‘రింగులో కన్నీటి భామ’ అని శీర్షిక. కట్టలక్క పైకి చదివింది. “‘చెవులకు బుల్లి దుద్దులు, రెండు జడలు, లేత నీలం జెర్సీ. మహిళల బాక్సింగు పోటీల్లో ఈ చిన్నది అందరి చూపులూ కట్టిపడేసింది. దెబ్బ తగలగానే ఆమె కళ్ళు చెమ్మగిల్లితే ప్రేక్షకుల గుండెలు కరిగిపోయాయి. వంటింట్లోనూ ఇంతే చురుకట.’”

“ఇదా? దీనికి పొయ్యి వెలిగించడమే రాదు” అన్నారెవరో. అందరూ నవ్వారు.

“గెలిచింది ఎవరని రాశారు?” మేకు అడిగింది. దవడ కదలక మాట ముద్దగా వచ్చింది.

కట్టలక్క పైనుంచి కింది దాకా మళ్ళీ చదివింది. వేలు పెట్టి వెతికింది. దుద్దులున్నాయి, జడలున్నాయి, కన్నీళ్ళున్నాయి. గెలిచింది అన్న మాట ఎక్కడా లేదు. నవ్వులు ఆగిపోయాయి.

అదే పూట మిల్లు పిల్ల ప్రెస్సు గేటు దగ్గరికి వచ్చింది. కన్ను వాచి మూసుకుపోయి ఉంది. తన చేతి దెబ్బ తిన్న మనిషి ఎలా ఉందో చూసిపోదామని వచ్చిందట. ముగ్గురూ కలిసి మేనేజరు గదికి వెళ్ళారు.

“గెలిచింది సార్. పర్మనెంటు సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు ఆస్పత్రికి చీటీ రాయండి. తల తిరుగుతోందంటోంది, వాంతులవుతున్నాయి” అంది కట్టలక్క.

“గెలిచినట్టు పేపరు కటింగు జతచెయ్యాలి. రూలు” అన్నాడు మేనేజరు.

“మన పేపరే కదా సార్.”

“మన పేపరే. చూపించు, ఎక్కడుందో.” పేపరు ఆమె ముందుకు నెట్టాడు. “మన పేపర్లో రాలేదంటే జరగలేదన్నమాట. లేకపోతే ఊళ్ళోవాళ్ళు మన పేపరు ఎందుకు కొంటారు?”

మిల్లు పిల్ల ముందుకు వచ్చింది. “ఓడింది నేను సార్. ఈమె గెలవలేదంటే మరి నేనెవరి చేతిలో ఓడాను?”

మేనేజరు ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసి నవ్వాడు. “భామలిద్దరూ ఒకేసారి నా గదికొచ్చారే. ఫొటోగ్రాఫర్ని పిలవనా?”

మేకు పిడికిలి బిగుసుకుంది. అక్క ఆ పిడికిలిని తన చేత్తో కప్పి బయటకు లాక్కొచ్చింది. ఆ క్షణంలో చెల్లెల్ని ఆపినందుకు ఆమె తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయింది.

పై అంతస్తులో ఆటల వార్తలు దిద్దే సబ్ ఎడిటరు ఉంటాడు. కింద అందరూ కళ్ళజోడు అంటారు. చెడ్డవాడు కాదు. అంతకన్నా ప్రమాదం, మెత్తనివాడు. కట్టలక్క అతని బల్ల ముందు నిలబడింది.

“నేను రాశానమ్మా, గెలిచింది అని ఆఖరి లైన్లో రాశాను” అన్నాడు. “ఫొటో పెంచమని పైనుంచి చెప్పారు. చోటు చాలకపోతే వార్తను కిందనుంచి కోస్తాం. ఆ లైను పోయింది.”

“మీ సింహం ఓడిపోయాడని ఎన్నో లైన్లో రాశారు బాబూ?”

“మొదటి లైన్లో.”

“మగాడు ఓడితే మొదటి లైను. ఆడది గెలిస్తే ఆఖరి లైనా?”

“ఆడవాళ్ళ వార్తలు అట్లాగే రాయడం అలవాటు. ముందు పాఠకుల చేత చదివించాలి కదా.”

“భామ ఏంటి మధ్యలో?”

“అది మంచి మాటే కదమ్మా. గౌరవంగానే రాశాను.”

“సరే, మీ కెప్టెన్ని సుందరాంగుడని రాయండి. దెబ్బ తగిలితే పెదవులు వణికాయని రాయండి. పెళ్ళెప్పుడో చెప్పి సిగ్గుపడ్డాడని రాయండి. గౌరవమే కదా.”

కళ్ళజోడు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. రేపు ఒక సవరణ వేయమని ఆమె అడిగింది. ఒక్క మాట చాలంది. సవరణ వేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, పైవాళ్ళు ఒప్పుకోరు అన్నాడు. గోడకు చెప్పుకున్నా పోయేది, కనీసం గోడ అద్దాలు తుడుచుకోదు.

మూడోనాడు పొద్దున మేకు నడుస్తూ నడుస్తూ కంపెనీ ఆస్పత్రి గేటు ముందు పడిపోయింది. అక్క ఒళ్ళో తల పెట్టుకుంది. మిల్లు పిల్ల గేటు ఊచలు పట్టుకుని ఊపింది. కాపలావాడు చీటీ ఉంటేనే తియ్యాలన్నాడు. డాక్టరు కిటికీలోంచి చూసి, రూలు మీరితే తన ఉద్యోగం పోతుందని చేతులెత్తేశాడు. మేకు ముక్కులోంచి, చెవిలోంచి సన్నగా రక్తం కారింది. అక్క కొంగుతో తుడిచింది. తుడిచేకొద్దీ వచ్చింది. ఆఖరుకు రావడం ఆగిపోయింది.

“నా గుద్దే చంపింది” అంటూ మిల్లు పిల్ల తల గేటుకేసి కొట్టుకుంది.

కట్టలక్క ఆ పిల్ల జుట్టు పట్టి ఆపింది. “నీ గుద్దు తిని అది లేచి నిలబడింది. నిన్ను గెలిచింది. చంపింది నువ్వు కాదు. ఏడవకు, నీ చేతులతో నాకు పనుంది.”

అంత్యక్రియల మర్నాడు కట్టలక్క పనిలోకి వచ్చింది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం మిషను కదిలింది. కట్ట దిగింది. ఈసారి సినిమా పేజీలో పాత ఫొటోనే, ఇంకా పెద్దది చేశారు. ‘బాక్సింగు భామ విషాదాంతం. ప్రేమే ప్రాణం తీసిందా?’

చచ్చిన పిల్లకు లేని ప్రియుణ్ణి అంటగట్టారు. దెబ్బ లేదు, ఆస్పత్రి గేటు లేదు, బాక్సింగు సంఘం లేదు. ఈ మారు కూడా గెలిచింది అన్న మాట లేదు. దాన్ని తమ చేతులతోనే మడిచి, సర్ది, కట్టకట్టి ఊరిమీదికి పంపాలి. కట్టలక్క చేతిలో పేపరు నలిపి పట్టుకుని, మిషను దగ్గరికి నడిచింది.

“మామా, ఆపు.”

“ఆపితే నా మీదికొస్తుందమ్మా.” మామకు ఆ హోరులో తల ఎత్తే ధైర్యం లేకపోయింది. “పిల్లలు గలవాణ్ణి. మా యూనియను పర్మనెంటు వాళ్ళది. మీ సంగతి మా తీర్మానాల్లో లేదు.”

“దానికి పేరు పెట్టింది నువ్వే కదా మామా. ఇదిగో, నీ మిషనులోంచే దిగింది. చదువు.”

మామ చదివాడు. చదివినంతసేపూ మిషను ఆడింది. తర్వాత ఎర్ర బొత్తాం మీద అరచేత్తో గుద్దాడు. హోరు తగ్గి, తగ్గి, ఆగింది. ఆ ప్రెస్సులో పట్టపగలు అంత నిశ్శబ్దం ఎవరూ విని ఎరగరు.

అక్కడే, కాగితాల మధ్యే మీటింగు జరిగింది. అందరూ ఒకే మాట మీద నిలబడ్డారని చెబితే అది కథ అవుతుంది. నిలబడలేదు.

“ఒక్క మాట కోసం అందరి నోటికాడ కూడూ పోగొట్టుకుందామా?” అంది ఒక పెద్దామె. “పోయిన పిల్ల తిరిగొస్తుందా?”

“ఆ ఒక్క మాట లేకే పోయింది పిన్నీ” అంది కట్టలక్క. “అదొక్కటుంటే చీటీ వచ్చేది, గేటు తెరిచేవాళ్ళు. మన గురించి వాళ్ళు ఏం రాస్తే అదే మనమా? రేపు నీ వేలు మిషనులో తెగితే ఏం రాస్తారు? గాజులు చూసుకుంటూ ఏమరుపాటు పడిందని రాస్తారు.”

“మగవాళ్ళ గురించి మాత్రం నిజం రాస్తారా? కిందటేడు మా సమ్మెను తాగుబోతుల గొడవ అని రాశారు” అన్నాడు మిషను మీది కుర్రాళ్ళలో ఒకడు. ఆ మాటతో మగవాళ్ళూ దగ్గరికి జరిగారు.

పెద్దామె ఏజెంట్ల పేర్లు రాసే కుంచె అందుకుని, మిషను సిరాలో ముంచింది. “నాకు రెండు మాటలే చక్కగా రాయడం వచ్చు. ఏం రాయాలో చెప్పు” అంది.

‘మేకు గెలిచింది.’

కట్ట కట్టకూ పైకాగితం మీద రాశారు. సరిపోలేదనిపించింది. పేపరు పేపరుకూ సినిమా పేజీ తెరిచి ఆ ఫొటోకు అడ్డంగా, భామ అన్న మాట కనపడకుండా, నల్లటి సిరాతో రాశారు. కుంచెలు చాలనివాళ్ళు వేళ్ళతో రాశారు. కింద కుర్రాళ్ళు లారీ నింపుతున్నారు. సంగతి తెలిసి మిల్లు పిల్ల తన మిల్లు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెనక గేటు దూకి వచ్చింది. కళ్ళజోడు మెట్ల మీద కనిపించాడు. దిగలేదు, ఎక్కలేదు.

మేనేజరు వచ్చాడు, వెనక కాపలావాళ్ళు. చేతుల్లో ఇనుప కడ్డీలు.

“మిషను ఆన్ చెయ్యండి. ఆ లారీ కదలడానికి వీల్లేదు.”

“సవరణ వెయ్యండి. మొదటి పేజీలో, మొదటి లైన్లో” అంది కట్టలక్క. “గెలిచింది అని రాయండి.”

మాట పూర్తికాకుండానే మొదటి కడ్డీ మామ భుజం మీద పడింది. ఎముక విరిగి మామ మిషను పక్కనే కూలాడు. రెండోది పెద్దామె చేతి మీద. కుంచె ఎగిరిపోయింది. ఆడవాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఒకామెను జుట్టు పట్టి రీలుకేసి బాదారు. తెల్లని కాగితం చుట్ట మీద ఎర్రగా ముఖం అచ్చు పడింది. కడ్డీ మొన కట్టలక్క నోటి మీద తగిలింది. రెండు పళ్ళు నాలుక మీద పడ్డాయి. ఉమ్మేసింది. కళ్ళు చీకట్లు కమ్మి గోడకు ఆనుకున్నప్పుడు, గోడౌనులో దూలానికి ఇంకా వేలాడుతున్న సంచి కనిపించింది.

“గడ్డం దించండే” అని అరిచింది, రక్తం నిండిన నోటితో. “చేతులెత్తండి. వరసగా నిలబడండి.”

రోజూ నవ్వుతూ నిలబడిన వరసే అది. భుజానికి భుజం ఆనింది. ఒంటరిగా పరిగెత్తుతున్నప్పుడు వీపు మీద పడిన కడ్డీలు ఇప్పుడు ఎత్తిన ముంజేతుల మీద పడ్డాయి. చర్మం చిట్లింది, వరస చిట్లలేదు. అడుగు ముందుకు. మిల్లు పిల్ల ఎడమచేతి గుద్దు కాపలావాడి దవడ మీద పడింది. అదే గుద్దు. టక్కుమన్న చప్పుడు కట్టలక్క మళ్ళీ విన్నది. ఈసారి ఆమెకు ఏడుపు రాలేదు. కడ్డీలు కింద పడ్డాయి. మేనేజరు మెట్లెక్కి పారిపోతూ కళ్ళజోడును తోసేశాడు. అద్దాలు పగిలాయి. వెనక గేటు తెరుచుకుంది. లారీ కదిలింది.

పోలీసులు వచ్చేసరికి లారీ ఊళ్ళోకి చేరిపోయింది. తుపాకులు గురిపెట్టి, ఇనస్పెక్టరు మెగాఫోను గొట్టంలోంచి అరిచాడు. “అందరూ చేతులెత్తండి.”

ఎత్తారు. తల పైకి కాదు, గడ్డం దాకా. పిడికిళ్ళు బిగించి, గడ్డాలు దించి, నెత్తురోడుతున్న ముఖాలతో ఆడవాళ్ళంతా అలాగే నిలబడ్డారు. ఇనస్పెక్టరుకు ఆ చేతులెత్తడం ఏమిటో అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యమైంది. అర్థమయ్యాక లాఠీలు దిగాయి. మోకాళ్ళ మీద, మెడల మీద, పడిపోయినవాళ్ళ పొట్టల మీద. సంకెళ్ళు వేసి, ఈడ్చుకెళ్ళి వ్యానులోకి విసిరేశారు.

వ్యాను బజారులోకి తిరిగింది. కట్టలక్క ఊచలు పట్టుకుని లేచింది. నోరు వాచిపోయింది, ఇక మాట రాదు. సాయంత్రం పేపరు అప్పుడే వీధిలోకి వచ్చింది. పేపర్లు అమ్మేవాళ్ళకు ఒక అలవాటుంది. ఆ రోజు పేపర్లో అన్నిటికన్నా పెద్దగా కనపడే మాట ఏదైతే అది కేకేసి అమ్ముతారు, అదేమిటని ఆలోచించరు.

“మేకు గెలిచింది, మేకు గెలిచింది” అని అరుస్తున్నారు వీధి వీధినా.

అంగళ్ళ ముందు జనం పేపర్లు విప్పి చూస్తున్నారు. కాలేజీ నుంచి వచ్చే పిల్లలు, షిఫ్టు దిగిన మిల్లు కూలీలు, బట్టలు కుట్టే ఆడవాళ్ళు. ఎవరీ మేకు అని ఒకరినొకరు అడుగుతున్నారు. వ్యానులో ఆడవాళ్ళు ఊచల మధ్యనుంచి చెప్పసాగారు. రింగు గురించి, ఆఖరి లైను గురించి, ఆస్పత్రి గేటు గురించి. విన్నవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పారు. వ్యాను నెమ్మదించింది, తర్వాత కదలడానికి దారి లేకపోయింది. ఒక ఆడపిల్ల బానెట్టు మీద పేపరు పరిచి దానిమీద కూర్చుంది.

ఇనస్పెక్టరు కిందికి దూకి పిస్తోలు తీశాడు. “పక్కకు తప్పుకోండి. చేతులెత్తండి అందరూ.”

జనం తటపటాయించారు. కొందరి చేతులు భయంతో తలల మీదికి లేచాయి. కట్టలక్కది మాట్లాడే నోరు కాదు. సంకెళ్ళున్న రెండు చేతులూ పైకెత్తి, పిడికిళ్ళు బిగించి, గడ్డం దగ్గరికి తెచ్చి చూపించింది. ఆమె పక్కన మిల్లు పిల్ల, ఆ పక్కన విరిగిన చేతితో పెద్దామె.

బానెట్టు మీది పిల్ల ముందుగా చూసింది. గడ్డం దించింది. తర్వాత ఆమె పక్కనున్నవాళ్ళు. ఆ తర్వాత అంగళ్ళ ముందున్నవాళ్ళు. తలల మీదికి లేచిన చేతులు ఒక్కొక్కటే కిందికి వచ్చి గడ్డాల దగ్గర ఆగాయి. ఇనస్పెక్టరు మళ్ళీ అరిచాడు, చేతులెత్తమని.

వీధి వీధంతా చేతులెత్తే ఉంది. చేతులెత్తేసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.